దీర్ఘకాలిక జబ్బుతో ఉద్యోగం: చెప్పడమా, దాచడమా, సెలవా, పని మార్పా, రాజీనామానా?

మా ఆఫీసులో హాజరు బొటనవేలి ముద్రతో పడుతుంది. తొమ్మిదిన్నర దాటితే లేటు, నెలలో మూడు లేట్లకు ఒక పూట క్యాజువల్ లీవు కోత. రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే కీళ్లవాతం, నాకు బయటపడిన మొదటి ఏడాది పొద్దున్నే లేచాక గంటన్నర దాకా వేళ్లు ముడుచుకునేవి కావు. చొక్కా గుండీలు మా ఆవిడ పెట్టేది. తీరా ఆఫీసుకు చేరాక, వాచిన బొటనవేలిని మెషీను గుర్తుపట్టేది కాదు. జబ్బు సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. ఏడాది చివర అప్రైజల్ కాగితం మీద నా గురించి రాసిన మాట: ‘సమయపాలన లేదు’. రాసినవారిని తప్పుపట్టలేను, ఎందుకంటే ఫైల్లో నా జబ్బు ఎక్కడా లేదు, లేట్లు మాత్రం ఇరవై ఏడు ఉన్నాయి.

జబ్బును మనం కాగితం మీద పెట్టించకపోతే, ఆ ఖాళీలో ఆఫీసు తనకు కనిపించిన మాట రాసుకుంటుంది. అందుకే ఇలాంటి జబ్బుతో ఉద్యోగం చేస్తూ ఏ దారి మంచిదని అడిగేవారిని నేను ముందుగా ఒకటే అడుగుతాను: ఆ దారిన వెళ్తే చివరికి మీ ఫైల్లో ఏ కాగితం మిగులుతుంది? ఈ పోలిక అంతా ఆ ప్రశ్నను పట్టుకునే నడుస్తుంది.

ముందు తేల్చుకోవలసినవి

దీర్ఘకాలిక జబ్బులన్నిటికీ కలిపి ఉద్యోగ రక్షణ ఇచ్చే చట్టం మన దేశంలో ఒక్కటంటూ లేదు. వైకల్యానికి ఒక చట్టం ఉంది, ధ్రువీకరించిన అనారోగ్య సెలవుకు కొన్ని నియమాలు ఉన్నాయి, హెచ్‌ఐవీకి విడిగా ఒక చట్టం ఉంది. కాబట్టి ‘నాకు జబ్బుంది, నన్ను తీసేయలేరు’ అని గానీ, ‘జబ్బుంది కాబట్టి నాకిక దిక్కు లేదు’ అని గానీ అనుకోవడం రెండూ పొరపాటే.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వాటిలో మల్టిపుల్ స్క్లెరోసిస్, పార్కిన్సన్స్, హీమోఫీలియా, తలసీమియా, సికిల్ సెల్, మానసిక అనారోగ్యం ఉన్నాయి. పాడేరు ఏజెన్సీలోనూ ఆదిలాబాద్ గిరిజన ప్రాంతాల్లోనూ సికిల్ సెల్‌తో బాధపడుతున్న కుటుంబాలకు ఈ ఒక్క సంగతి తెలిసినా ఎంతో మేలు. కిడ్నీ జబ్బు, షుగరు, గుండె జబ్బు, క్యాన్సర్, లూపస్ మాత్రం పేరు పెట్టి ఆ జాబితాలో లేవు. అయితే అవి శరీరంలో మిగిల్చిన నష్టం జాబితాలోకి రావచ్చు: షుగరు వల్ల కాలు తీసేసినా, చూపు బాగా తగ్గినా, కీళ్లవాతం వల్ల చేతివేళ్లు వంకర్లు తిరిగి పట్టు పోయినా, అంచనా వేసేది జబ్బు పేరును కాదు, ఆ నష్టాన్ని.

రెండో సంగతి, మీరు ఎవరి దగ్గర పనిచేస్తున్నారన్నది. ప్రభుత్వ ఉద్యోగి, ఈఎస్‌ఐ (చందా కట్టే ఉద్యోగులకు వైద్యం, అనారోగ్య భృతి ఇచ్చే ప్రభుత్వ బీమా) పరిధిలో ఉన్న ప్రైవేటు ఉద్యోగి, నెలకు రూ. 21,000 జీతం దాటి ఈఎస్‌ఐ లేని ప్రైవేటు ఉద్యోగి, ఈ ముగ్గురి చేతిలో ఉన్న ఆయుధాలు వేర్వేరు. పక్కింటి టీచరు గారికి పనికొచ్చిన సలహా ఫార్మా కంపెనీ కెమిస్టుకు పనికిరాదు.

చెప్పడమా, దాచడమా

నా అభిప్రాయం ఇది. జబ్బు అదుపులో ఉండి, పనివేళలకు గానీ పనితీరుకు గానీ అడ్డురాకపోతే ఎవరికీ చెప్పనవసరం లేదు. మాత్రలతో సరిపోయే థైరాయిడ్, బీపీ, అదుపులో ఉన్న షుగరు ఆఫీసుకు చెప్పి తీరవలసిన సంగతులు కావు. ఒక్క మినహాయింపు ఏమిటంటే, ఉద్యోగంలో చేరేటప్పుడు ఇచ్చే వైద్య ఫారంలోనో, బీమా ఫారంలోనో నేరుగా అడిగినప్పుడు ‘లేదు’ అని రాసి సంతకం పెట్టకూడదు. దాచిన జబ్బు కన్నా ఆ అబద్ధపు సంతకమే తర్వాత ఉద్యోగానికి ముప్పు అవుతుంది. క్లెయిము తిరస్కరించడానికి బీమా కంపెనీ కూడా దాన్నే చూపిస్తుంది.

జబ్బు పనిలో కనిపించడం మొదలయ్యాక మాత్రం దాచడం నష్టమే. లేట్లు, అర్ధపూట సెలవులు, వాయిదా పడిన పనులు ఒక్కొక్కటే పేరుకుని, చివరికి రోగి కాస్తా సోమరిగా నమోదవుతాడు. అలాగని మేనేజరు దగ్గర టీ తాగుతూ జబ్బు చరిత్రంతా విప్పడమూ మంచిది కాదు. ఆ మాటకు రికార్డు ఉండదు, మేనేజరు మారితే అంతటితో పోతుంది, పైగా ఆఫీసంతా పాకుతుంది. ఈ రెంటికీ నడుమ ఉన్న దారి నాకు అన్నిటికన్నా నచ్చింది: జబ్బు వివరాలు తక్కువగా, పనికి సంబంధించిన పరిమితులు స్పష్టంగా, హెచ్‌ఆర్‌కు రాతపూర్వకంగా తెలియజేయడం.

ఇందులో డాక్టరు లేఖే ప్రాణం. నేను తీసుకెళ్లిన మొదటి లేఖలో ‘విశ్రాంతి అవసరం’ అని రెండు ముక్కలు ఉన్నాయి. హెచ్‌ఆర్ అధికారి అది చదివి, ఎంతో మర్యాదగా, ‘అయితే తగ్గేదాకా లాస్ ఆఫ్ పే మీద, అంటే జీతం లేని సెలవు మీద, ఇంట్లో ఉండండి’ అన్నారు. ఆ లేఖకు అంతకన్నా వేరే అర్థం రాదు మరి. రెండోసారి డాక్టరు గారికి నా పని ఏమిటో, ఎన్ని గంటలు కూర్చుంటానో, ఎంతసేపు టైపు చేస్తానో వివరించాను. అప్పుడు ఆయన రాసింది ఇది: ఇతను తన ఉద్యోగం చేయగలడు, ఉదయపు బిగుతు కారణంగా పదిన్నరకు పని మొదలుపెట్టి సాయంత్రం ఆ గంట పూర్తిచేయడం మంచిది, వేలిముద్రకు బదులు కార్డు వాడనివ్వాలి, ఆరు నెలల తర్వాత మళ్లీ పరీక్షిస్తాను. అదే మనిషి, అదే జబ్బు. వారంలో అనుమతి వచ్చింది. ‘చేయలేడు’ అని కాక ‘ఇలాగైతే చేయగలడు’ అని రాయించుకోండి. లేఖ ఇచ్చిన రోజునే మెయిల్ కూడా పంపండి, లేదా జిరాక్సు మీద అందినట్టు ఇన్‌వర్డ్ స్టాంపు వేయించుకోండి.

హెచ్‌ఐవీ విషయంలో లెక్క వేరు. 2017లో చేసి 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లోకి తెచ్చిన చట్టం ప్రకారం, ఉద్యోగం ఇవ్వడానికి హెచ్‌ఐవీ పరీక్షను షరతుగా పెట్టకూడదు, ఆ కారణంతో వివక్ష చూపకూడదు, ఆ సంగతిని మీ సమ్మతి లేకుండా ఇంకొకరికి చెప్పకూడదు. 100 మంది లేదా అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే సంస్థలో ఫిర్యాదుల అధికారి ఉండాలి. ఇక్కడ చెప్పకపోవడమే మంచి ఎంపిక కావచ్చు. అది పూర్తిగా మీ ఇష్టం.

సెలవా, పని మార్పా

సెలవు అనగానే మనకు భద్రంగా అనిపిస్తుంది. ఆపరేషనుకు, జబ్బు ఉన్నట్టుండి ముదిరిన రోజులకు, కొత్త మందు ఒంటికి పట్టేదాకా సెలవే సరైనది. కానీ ఏళ్ల తరబడి ఉండే జబ్బును సెలవుల ఖాతాతో నెట్టుకురాలేం. డయాలసిస్‌నే తీసుకోండి. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. ఏడాదికి 156 సార్లు. ఏ ఉద్యోగంలోనూ అన్ని సెలవులు ఉండవు. కాబట్టి అక్కడ అడగవలసింది సెలవు కాదు, ఆ మూడు రోజులూ మధ్యాహ్నమే బయలుదేరి మిగతా రోజుల్లో ఆ గంటలు పూడ్చుకునే ఏర్పాటు, లేదా షిఫ్టు మార్పు. సీఏపీడీ అనే పొట్ట డయాలసిస్ చేసుకునేవారికి రోజుకు నాలుగుసార్లు ద్రవం మార్చుకోవాలి, ఒక్కోసారికి దాదాపు అరగంట. అందులో ఒకటి ఆఫీసు వేళలోనే పడుతుంది కనుక వారికి కావలసింది శుభ్రంగా ఉండి తలుపు వేసుకోగల చిన్న గది. అడిగే పని ఇంత చిన్నదిగా, ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు కాదనడం యాజమాన్యానికి కూడా కష్టం. కొన్ని మార్పులు ఆఫీసును అడగకుండానే చేసుకోవచ్చు. కీళ్లవాతానికి వారానికి ఒక్కసారి వేసుకునే మెథోట్రెక్సేట్ అనే మందును నేను డాక్టరును అడిగి శనివారం రాత్రికి మార్చుకున్నాను, ఆ మందు తెచ్చే నీరసం ఆదివారంతో పోతుంది.

సెలవే తీసుకోవలసి వస్తే ఎవరికి ఏది మేలో చూద్దాం.

రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఏడాది సర్వీసుకు 20 రోజుల చొప్పున అర్ధవేతన సెలవు జమ అవుతుంది. వైద్య ధ్రువపత్రం మీద దాన్ని కమ్యూటెడ్ లీవుగా మార్చుకుంటే పూర్తి జీతం వస్తుంది, కానీ ఒక రోజుకు రెండు రోజులు ఖర్చవుతాయి. మొత్తం సర్వీసులో 240 రోజులే ఇలా వాడుకోవచ్చు. జబ్బు మొదటి ఏడాదిలోనే కంగారుపడి కమ్యూటెడ్ అంతా ఊడ్చేసుకోవద్దని నా సలహా. పదేళ్ల తర్వాత అవసరం ఇంకా పెద్దది కావచ్చు. ఇంతకన్నా ముఖ్యమైనది ఒకటుంది. అనుమతి లేకుండా ఏడాదికి మించి విధులకు రాకపోతే ఉద్యోగానికి రాజీనామా చేసినట్టే భావించవచ్చని మన సెలవు నియమాలు చెబుతున్నాయి. ఆసుపత్రుల చుట్టూ తిరుగుతూ దరఖాస్తు పంపడం మరిచిపోయినవారికి ఇది ఉరితాడు అవుతుంది. జీతం లేని సెలవైనా సరే, దరఖాస్తు పెట్టి ఉండాలి.

ఈఎస్‌ఐలో ఉన్నవారిలో చాలామంది తమ చేతిలో ఏముందో తెలియకుండానే వదులుకుంటున్నారు, నాకు బాధ కలిగించేది ఇదే. మామూలు అనారోగ్య ప్రయోజనం కింద ఏడాదిలో 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం వస్తుంది. దానికి ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజుల చందా పడి ఉండాలి. టీబీ, క్యాన్సర్, కిడ్నీ వైఫల్యం, పార్కిన్సన్స్, కిడ్నీనో పాదాన్నో దెబ్బతీసిన షుగరు వంటి 34 దీర్ఘకాలిక జబ్బులకు, రెండేళ్ల ఉద్యోగమూ నాలుగు చందా కాలాల్లో 156 రోజుల చందా ఉన్నవారికి, 80 శాతం చొప్పున రెండేళ్ల దాకా పొడిగింపు దొరుకుతుంది. చాలామంది చేసేదేమిటంటే, ముందు నాలుగైదు నెలలు లాస్ ఆఫ్ పే మీద ఇంట్లో ఉండి, డబ్బు అయిపోయాక ఈఎస్‌ఐ డిస్పెన్సరీకి వెళ్తారు. ఈలోగా జీతం లేదు కనుక చందా లేదు. చందా లేదు కనుక 78 రోజుల లెక్క తప్పుతుంది. మొదటి రోజు నుంచే ఈఎస్‌ఐ డాక్టరు సర్టిఫికెట్ తీసుకోవడానికీ, నాలుగు నెలలు ఆగి తీసుకోవడానికీ ఉన్న తేడా ఒక కుటుంబానికి రెండేళ్ల తిండి.

1948 నాటి ఈఎస్‌ఐ చట్టంలోని 73వ సెక్షన్, అనారోగ్య ప్రయోజనం పొందుతున్న కాలంలో ఉద్యోగిని తొలగించడం, శిక్షించడం కుదరదని చెప్పింది. 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది కాబట్టి, సెలవులో ఉండగా నోటీసు వస్తే పాత సెక్షన్ నంబరు పట్టుకుని కూర్చోకుండా వెంటనే ఈఎస్‌ఐ బ్రాంచి కార్యాలయానికీ, లేబర్ అధికారికీ రాతపూర్వకంగా తెలియజేయండి.

ఈఎస్‌ఐ లేని దుకాణాలు, కార్యాలయాల ఉద్యోగులకు రెండు రాష్ట్రాల్లోనూ 1988 నాటి షాపుల చట్టమే ఆధారం. ఏడాదికి 12 రోజుల సిక్ లీవు, 12 రోజుల క్యాజువల్ లీవు అందులోవే. ఆ చట్టం 47వ సెక్షన్ ప్రకారం, ఆరు నెలల సర్వీసు నిండి, యాజమాన్య హోదాలో లేని ఉద్యోగిని సహేతుకమైన కారణం, నెల నోటీసు లేకుండా తీసేయకూడదు. ‘సహేతుకమైన కారణం’ దగ్గరే మీ డాక్టరు లేఖ, మీ మెయిళ్లు పనికొస్తాయి.

వైకల్య ధ్రువపత్రం తీసుకోవాలా?

ప్రభుత్వ ఉద్యోగి అయితే, అర్హత ఉంటే, తడుముకోకుండా తీసుకోండి. 2016 చట్టం 20వ సెక్షన్ ప్రకారం సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ఉద్యోగిని ప్రభుత్వ సంస్థ తొలగించకూడదు, హోదా తగ్గించకూడదు. పాత పని చేయలేకపోతే అదే జీతపు స్కేలుతో వేరే పోస్టుకు మార్చాలి. అలాంటి పోస్టు లేకపోతే, దొరికేదాకా లేదా పదవీ విరమణ దాకా అదనపు పోస్టులో ఉంచాలి. ఇది కాగితం మీది మాటే అనుకునేవారికి మన ఆర్టీసీ డ్రైవరు కేసు చెబుతాను. రంగులు గుర్తుపట్టలేడని వైద్య పరీక్షలో తేలిన డ్రైవరును, వేరే పని చూపకుండా, మెడికల్ గ్రౌండ్స్ మీద ఇంటికి పంపారు. 2025 ఆగస్టు 1న సుప్రీంకోర్టు అది తప్పని తేల్చి, తగిన పోస్టులో అదే పే గ్రేడుతో తీసుకోవాలనీ, బకాయి జీతంలో 25 శాతం చెల్లించాలనీ ఆదేశించింది. గెలిచాడు, కానీ అప్పటికి తొమ్మిదేళ్లకు పైగా గడిచాయి. అందుకే తొలగింపు ఉత్తర్వు రాకముందే ‘వేరే పోస్టులో వేయండి’ అన్న దరఖాస్తు ఫైల్లో ఉండాలంటాను.

ప్రైవేటులో ఈ 20వ సెక్షన్ రక్షణ లేదు. 20 మంది లేదా అంతకన్నా ఎక్కువ మంది ఉన్న సంస్థకు సమాన అవకాశాల విధానం రాతపూర్వకంగా ఉండాలన్న నిబంధన ఉంది. అది చూపించమని హెచ్‌ఆర్‌ను అడగండి. ఎక్కడ ఎలాంటి సౌకర్యం కోరవచ్చో అందులో రాసి ఉంటే మీ పని సగం తేలికవుతుంది.

‘నలభై శాతం రాదన్నారు, ఇక లాభం లేదు’ అనే మాట, వైకల్య శాతాన్ని తేల్చే సదరం శిబిరాల దగ్గర తరచు వినిపిస్తుంది. రిజర్వేషన్‌కూ కొన్ని పథకాలకూ 40 శాతం కావాలి, నిజమే. కానీ రైటర్స్ క్రాంప్, అంటే రాసేటప్పుడు చేయి బిగుసుకుపోయే సమస్య, ఉన్న ఒక సివిల్స్ అభ్యర్థి కేసులో 2021 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు, 40 శాతం లేకపోయినా వైకల్యం ఉన్న వ్యక్తికి తగిన సౌకర్యం నిరాకరించకూడదని చెప్పింది. కాబట్టి తక్కువ శాతం వచ్చిన సర్టిఫికెట్‌ను చింపి పారేయవద్దు.

రాజీనామా, మెడికల్ అన్‌ఫిట్

ఇక్కడ ఒత్తిడి ఆఫీసు కన్నా ఇంటి నుంచే ఎక్కువగా వస్తుంది. సింగరేణిలో మెడికల్ బోర్డు అన్‌ఫిట్ చేస్తే వారసుడికి ఉద్యోగం వస్తుంది. రాష్ట్ర ప్రభుత్వంలోనూ పదవీ విరమణకు కనీసం ఐదేళ్లు మిగిలి, తీవ్రమైన జబ్బుల కింద ఇన్‌వాలిడేషన్ అయితే, అంటే ఇక పనిచేయలేరని వైద్యులు తేల్చి ఉద్యోగం నుంచి తప్పిస్తే, కుటుంబసభ్యుడికి కారుణ్య నియామకం కోరవచ్చు. కొడుకు ఖాళీగా ఉన్నాడు, నాన్నకు ఒంట్లో బాగాలేదు. ఇంట్లో అందరి కళ్లూ ఆయన వైపే తిరుగుతాయి. నిజంగా పని చేయలేని స్థితిలో ఉన్నవారికి ఇది గౌరవమైన దారి, సందేహం లేదు. కానీ తేలికపాటి పోస్టులో మరో పదేళ్లు పనిచేయగలిగినవారు దీన్ని ఎంచుకుంటే జీతం పోతుంది, ఇంటి ఖర్చులకు కొడుకు మీద ఆధారపడాలి, పైగా రోజూ లేచి వెళ్లే చోటు ఉండదు. జబ్బుతో ఉన్న మనిషికి ఆ చివరిది చిన్న నష్టం కాదు. రెండు దరఖాస్తుల్లో ముందు పెట్టవలసింది వేరే పోస్టు కోసం. అది కుదరదని రాతపూర్వకంగా తేలాకే ఇన్‌వాలిడేషన్.

ప్రైవేటు ఉద్యోగి రాజీనామాకు ముందు రెండు లెక్కలు చూసుకోవాలి. మొదటిది బీమా. కంపెనీ గ్రూపు పాలసీ మీ ఉద్యోగంతోపాటే ముగుస్తుంది. ఆ తర్వాత కొత్తగా పాలసీ తీసుకుంటే, ముందునుంచి ఉన్న జబ్బుకు 36 నెలల దాకా ఎదురుచూడవలసి రావచ్చు. అందువల్ల నోటీస్ పీరియడ్‌లో ఉండగానే, అదే బీమా కంపెనీలో వ్యక్తిగత పాలసీకి మారే దరఖాస్తు పెట్టండి. గ్రూపులో గడిచిన కాలాన్ని లెక్కలోకి తీసుకోమని అందులోనే అడగండి.

రెండోది గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసును బట్టి సంస్థ ఇచ్చే మొత్తం. దీనికి మామూలుగా ఐదేళ్ల సర్వీసు కావాలి. కానీ జబ్బు వల్లనో ప్రమాదం వల్లనో, అంతకుముందు చేస్తున్న పని చేయలేని అశక్తత వచ్చి ఉద్యోగం ముగిస్తే ఐదేళ్ల నియమం వర్తించదు. నాలుగేళ్ల దగ్గర జబ్బుపడి, పరువు కోసం ‘వ్యక్తిగత కారణాల వల్ల’ అని రాసి వెళ్లిపోయినవారు ఆ ఒక్క మాటతో హక్కును పోగొట్టుకుంటున్నారు. నిజంగా చేయలేకనే మానేస్తుంటే లేఖలో అదే రాయండి: ‘ఫలానా జబ్బు కారణంగా ప్రస్తుత విధులు నిర్వహించలేని స్థితి ఏర్పడినందున, జత చేసిన వైద్య ధ్రువపత్రం ఆధారంగా, ఉద్యోగం నుంచి వైదొలగుతున్నాను.’ డాక్టరు సర్టిఫికెట్ తేదీ ఆ లేఖ తేదీ కన్నా ముందుది అయి ఉండేలా చూసుకోండి.